పలుపు కాదమ్మా, పట్టీ

అమ్మకు,

నీ పెద్దదాని నమస్కారాలు. ఇక్కడ మేం ముగ్గురం క్షేమం. ఆ మాట రాసే ముందు లేచి వెళ్లి, వీధి తలుపు గడియ చూసి, బుడ్డోడు మంచం మీదే నిద్రపోతున్నాడని చూసి వచ్చాను. కాబట్టి నమ్మవచ్చు. అక్కడ నువ్వూ, చెల్లి చిట్టీ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇవాళ నాకు సెలవు. మధ్యాహ్నం పన్నెండు దాటింది, మీ అల్లుడు పనికి వెళ్లారు. వీడు లేచేలోగా ఈ ఉత్తరం పూర్తి చేయాలని కూర్చున్నాను. ఇప్పటికి రెండుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. నా దగ్గు తగ్గింది. నిలబడి పనిచేయడం వల్ల కాళ్లు లాగుతున్నాయి గానీ, నువ్వు రోజంతా నేల మీద వంగి సంచులు కుట్టినదానితో పోలిస్తే అదొక లెక్క కాదు. బుడ్డోడికి దవడ పళ్లు వస్తున్నాయి. చేతికి అందినదల్లా కొరుకుతున్నాడు. మొన్న వాళ్ల నాన్న చెప్పు కొరికి, రుచి నచ్చలేదో ఏమో, తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆసుపత్రిలో నా ఉద్యోగం ఇంకా రక్త పరీక్షల గదిలోనే. రక్తం తీసిన గొట్టం మీద చీటీ అంటించే ముందు రోగి పేరు రెండుసార్లు చదవాలన్నది అక్కడి నియమం. నేను నాలుగుసార్లు చదువుతున్నానట. నువ్వు అన్నిసార్లు పిలిస్తే ఆ మనిషి రోగం నయమై లేచిపోతాడే అని మా పెద్ద టెక్నీషియనమ్మ ఎగతాళి చేస్తుంది. నీ వేలికి సూది గుచ్చుకున్న పుండు మానిందా? మానకపోతే నిర్లక్ష్యం చేయకు, చూపించుకో.

ఇక పట్టీ సంగతి. పరీక్షలకని మా ఆసుపత్రికి వచ్చిన మన ఊరి కుట్టుమిషను అత్త నీకు మోసిన కబురు నిజమే. కన్నబిడ్డకు పలుపు వేస్తావా, వాడేమన్నా దూడా అని అడిగావు. అది పలుపు కాదమ్మా. రెండు భుజాల మీదుగా వచ్చి ఛాతీ దగ్గర బిగుసుకునే మెత్తని పట్టీ. వీపు దగ్గర తాడు ఉంటుంది, దాని రెండో చివర నా మణికట్టుకు తొడుక్కుంటాను. మెడకు ఎక్కడా తగలదు. వాణ్ని నడవనిస్తుంది, పరిగెత్తనిస్తుంది, నాలుగడుగులు దాటి పోనివ్వదు, అంతే. పొద్దున్నే వాణ్ని ఆసుపత్రిలోని పిల్లల గదికి తీసుకెళ్లాలంటే రెండు పెద్ద రోడ్లు దాటి బస్సెక్కాలి. నా ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో గొడుగు. చెయ్యి పట్టుకుంటే చేపపిల్లలా జారిపోతాడు. ఎత్తుకుంటే వెనక్కి విల్లులా విరుచుకుంటాడు. కిందటి నెల పావురాన్ని చూసి రోడ్డు మీదికి దూకాడు. తాడు బిగిసింది, వాడు కూలబడ్డాడు, వాడి ముందు నుంచి మోటారు సైకిలు పోయింది. అంతా ఒక్క రెప్పపాటులో. వాడు మాత్రం పావురం పోయిందని ఏడ్చాడు.

జనం అనడం లేదా అంటే, అంటారు. బస్టాపులో ఒక పెద్దాయన అందరూ వినేటట్టు, "ఇది ఏ జాతి కుక్కపిల్లమ్మా?" అని అడిగాడు. చుట్టుపక్కల వాళ్లు నవ్వారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా చదువుకున్నదాన్ని కదా, గొంతు సవరించుకుని, "మనిషి జాతేనండీ, మీరు కూడా చిన్నప్పుడు ఇదే జాతి" అన్నాను. ఆయన ఏమనుకున్నాడో గానీ, బుడ్డోడు వెళ్లి ఆయన చేతికర్ర పట్టుకుని లాగడం మొదలుపెట్టాడు. చివరికి బస్సు వచ్చేదాకా తాడు ఆయనే పట్టుకుని వాడి వెంట తిరిగాడు. ఎవరు ఎవరిని నడిపిస్తున్నారో చెప్పడం కష్టం. అందుకని రోడ్డు మీద పట్టీ వేయడం గురించి నువ్వెంత కోప్పడినా నేను మానను. ఆ ఒక్క విషయంలో నీ మాట వినను.

అంతవరకే అయితే నీకు ఇంత ఉత్తరం రాయనక్కర లేదు.

పోయిన వారం మీ అల్లుడు పని నుంచి తొందరగా వచ్చారు. తలుపు తీసి లోపలికి రమ్మని, మళ్లీ గడియ వేసి నేను పొయ్యి దగ్గరకు వచ్చేశాను. బుడ్డోడు కూడా నా వెంటే వచ్చి, నా కాళ్ల దగ్గర డబ్బా మూతలతో ఆడుకుంటున్నాడు. వాడి ఒంటి మీద పట్టీ ఉంది. తాడు చివర నా మణికట్టుకు ఉంది. ఆయన వంటగది గుమ్మంలో నిలబడి ఆ తాడు చూశారు. తరువాత వచ్చి కూర్చుని వాడి చొక్కా మెడ దగ్గర పక్కకు జరిపి, భుజం మీద పట్టీ ఒరుసుకుని కందిన చోటు నాకు చూపించారు.

"రోడ్డు మీద సరే. ఇంట్లో దేనికి?" అన్నారు.

నేను పొయ్యి వైపు తిరిగి గరిటె తిప్పాను. నా మణికట్టు నుంచి తాడు ఆయనే తీశారు. గట్టిగా ఒక్క మాట అనలేదు. వీణ్ని ఎవరో ఎత్తుకుపోతారని నీ భయమా అని మాత్రం అడిగారు. ఎవరో ఎత్తుకుపోతారని కాదు, నేనే వదిలేస్తానని నా భయం. ఆ మాట ఆయనకు చెప్పలేకపోయాను. అంతకంటే ముందు నీకు చెప్పాల్సి ఉంది.

చిట్టిని నా దగ్గరకు పంపమని, బుడ్డోణ్ని చూసుకుంటూ తోడుగా ఉంటుందని కిందటి ఉత్తరంలో అడిగాను కదా. దానికి నువ్వు ఇచ్చిన జవాబు నాకు కంఠతా వచ్చేసింది. "దానికి దాని కాలే అదుపులో ఉండదు. మూడేళ్లప్పుడు నీ చెయ్యి విదిలించుకుని బండి కిందికి పోయిన పిల్ల, నీ కొడుకును ఏం పట్టుకుంటుంది?" నువ్వు చెబుతుంటే ఆ మాటలు రాసింది చిట్టే. తన గురించి ఆ మాటలు తన చేత్తోనే రాసింది. ఒక్క అక్షరం కూడా వంకర పోలేదు.

ఈ ఉత్తరం నీకు చదివి వినిపించేది కూడా చిట్టే. అందుకే మొదటిసారి రాసినప్పుడు, ఇది మందుల షాపు ఆయన చేత చదివించుకో అని పైన రాశాను. ఆ కాగితమే చింపేశాను. ఊళ్లో వాళ్లకు తెలిసి తనకు తెలియకుండా ఉంటే అది రెండో తప్పు అవుతుంది. చిట్టీ, ఇక్కడి నుంచి నెమ్మదిగా చదువు. ఏదీ దాటెయ్యకు. అమ్మ ఆపమన్నా ఆపకు.

అమ్మా, చిట్టి నా చెయ్యి విదిలించుకోలేదు. నేనే వదిలేశాను.

ఆ రోజు నువ్వు కుట్టిన సంచులు అప్పజెప్పడానికి గోదాము లోపలికి వెళ్లావు. గేటు బయట గోడ పక్కన మమ్మల్ని నిలబెట్టి, చెల్లి చెయ్యి వదలకు అని మరీ మరీ చెప్పావు. నా ఎడమ చేతిలో నీ టిఫిను డబ్బా, కుడి చేతిలో దాని చెయ్యి. ఎవరో అప్పుడే గోడకు సర్కసు పోస్టరు అంటించి పోయారు. జిగురు ఇంకా తడిగానే ఉంది. అంతంత పెద్ద అక్షరాలు నేను అప్పటిదాకా చూడలేదు. బడిలో పంతులమ్మ మాకు వేలు పెట్టి చదవడం నేర్పింది. అక్షరం కింద కుడి చేతి వేలు జరిపితే తప్ప నాకు మాటలు కలిసేవి కావు. ఎడమ చేత్తో చూద్దామంటే డబ్బా ఉంది. డబ్బా కింద పెడితే సరిపోయేది. ఏడేళ్ల బుర్రకు అది తట్టలేదు, చెల్లి చెయ్యి వదలడమే తట్టింది. ఒక్క వరుస చదివి మళ్లీ పట్టుకుందామనుకున్నాను. ఒక వరుస అయింది. రెండో వరుసలో ఒక మాట దగ్గర తట్టుకుని మళ్లీ మొదటికి వెళ్లాను. మొత్తం చదివేశానమ్మా. ఎవరి సాయం లేకుండా, బడి బయట నేను మొదటిసారి చదివింది అదే. నీకు చెబుదామని సంతోషంగా వెనక్కి తిరిగాను. చిట్టి అక్కడ లేదు. బస్తాల బండి వెనక్కి వస్తోంది.

నువ్వు పరిగెత్తుకొచ్చి దాన్ని ఎత్తుకుని, నా వైపు చూసి, "చెయ్యి పట్టుకోలేదా?" అని అడిగావు.

"పట్టుకున్నా. విదిలించుకుని పరిగెత్తింది" అన్నాను.

నా వేళ్లకు ఇంకా జిగురు ఉంది. నువ్వు నా చెయ్యి పట్టుకుని ఉంటే అప్పుడే తెలిసిపోయేది. నీకు తీరిక ఎక్కడిది, దాన్ని భుజాన వేసుకుని ఆసుపత్రికి పరిగెడుతున్నావు. నేను నీ వెనక పరిగెడుతూ వేళ్లు గౌనుకు తుడుచుకున్నాను.

ఆ అబద్ధం దాని కాలితో ఆగలేదు. ఒక్క చోట నిలవని పిల్ల అని దానికి పేరు పెట్టావు. పెద్ద బడి రోడ్డుకు అవతల ఉందని, దాన్ని నమ్మి పంపలేనని అయిదో తరగతితో ఆపేశావు. నీ పక్కన కూర్చోబెట్టి సూదీ పురికొసా ఇచ్చావు. అదే రోడ్డు దాటి నేను రోజూ బడికి వెళ్లాను. మన ఇంట్లో మొదట చదువుకున్నది నా పెద్దదే అని నువ్వు నలుగురితో చెప్పుకున్నప్పుడల్లా నిజం నాలుక చివరి దాకా వచ్చేది. చెబితే నా చదువు కూడా మాన్పిస్తావని భయపడ్డాను. తరువాత ఉద్యోగం, తరువాత పెళ్లి, ఎప్పటికప్పుడు ఒక సాకు దొరికింది. నా పెళ్లిలో ఎవరో దాని కాలి సంగతి అడిగారు. "నా కాలు నేనే విరగ్గొట్టుకున్నానండీ, మా అక్క పట్టుకుంటే ఆగానా?" అని నవ్వుతూ చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. అందరితో పాటు నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

నీకు కోపం వస్తుంది, రావాలి. నన్ను ఎంత తిట్టాలో అంత తిట్టు. కానీ ఇంకెప్పుడూ దాన్ని నిలకడ లేని పిల్ల అనకు. మూడేళ్ల పిల్ల నిలబడలేదంటే అది దాని తప్పు కాదు. పట్టుకున్నవాళ్ల తప్పు.

నేను అడిగిన దాంట్లో కూడా తప్పుంది. దాని చదువు పోవడానికి కారణమైనదాన్ని, ఇప్పుడు నా కొడుకును చూసుకోవడానికి దాని రోజులు కూడా అడిగాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. బుడ్డోడికి పిల్లల గది ఉంది, రోడ్డు మీద పట్టీ ఉంది. ఇంట్లో తీసేశాను. తీసిన దగ్గర్నుంచి వాణ్ని పావుగంటకోసారి లెక్కపెడుతున్నాను, ఉన్నది ఒక్కడే అయినా. అది తగ్గడానికి కొన్నాళ్లు పడుతుందేమో. మీ అల్లుడికి సాయంత్రం అంతా చెబుతాను.

మా ఆసుపత్రి వెనక సందులో చదువు ఆగిపోయిన ఆడవాళ్ల కోసం సాయంత్రం బడి నడుస్తోంది. అయిదుతో ఆపినవాళ్లను కూడా చేర్చుకుని పదో తరగతి పరీక్ష రాయిస్తారు. వెళ్లి కనుక్కున్నాను. ముప్పై ఏళ్ల వాళ్లు కూడా ఉన్నారట. వచ్చే నెల మొదటి వారంలోగా పేరు ఇవ్వాలన్నారు. కలం నా చేతికిచ్చారు గానీ నేను చిట్టి పేరు రాయలేదు. తన తరఫున ఒకసారి నేను మాట్లాడింది చాలు.

చిట్టీ, ఇక ఇది నీకు. ఇన్నేళ్లుగా నీ చేతిరాతలో నాకు వచ్చినవన్నీ అమ్మ మాటలే. కింద సగం పేజీ ఖాళీ ఉన్నా నీ సొంత మాట ఒక్కటి రాయలేదు. చిట్టి బాగుంది అన్నది కూడా అమ్మ చెబితేనే రాశావు. ఈసారి జవాబు నువ్వు రాయి. వస్తానని రాయి, రానని రాయి, నా మొహం చూడనని రాయి. బడికి వస్తే రా, నా ఇంట్లో ఉండనంటే ఆ బడికి దగ్గరలో వేరే గది చూస్తాను. ఏం రాసినా, అమ్మకు చదివి వినిపించకుండా అంటించేసి పోస్టు చెయ్యి.

ఇట్లు,
అమ్మకు పెద్దకూతురిని,
చిట్టికి, తను ఇంకా ఒప్పుకుంటే, అక్కని.