ఆస్ట్రేలియా బండికి నిమ్మకాయ

పరమేశ్,

రాత్రంత ఓవర్‌టైం చేసి ఇప్పుడే పండుకున్నవని లేపలేదు. నన్ను అమ్వాజ్ దీవిల పనికి పొమ్మన్నరు, బస్సు వచ్చింది. అన్నం కుక్కర్ల ఉంది, తిని పో.

ఆస్ట్రేలియా ఎడారిల తిరగనీకి సాహెబు తీస్కపోయే బండిని మధ్యాహ్నం కంటైనర్ల ఎక్కిస్తరు. దానికంటే ముందే గ్యారేజీకి చేరు. నీళ్ల ట్యాంకి మళ్ళ టాపు మీదనే పెట్టినవు. దింపి సీట్ల వెనుక కింద బిగించు. మీద బరువుంటే ఇసుక దిబ్బల బండి పక్కకు పడ్తదని ఎన్నిసార్లు చెప్పాలె. టైర్ల సందుల మట్టి ఉంటే కడుగు. ఆ దేశపోళ్లు బయటి మట్టి, గింజ, కాయ ఏదీ రానియ్యరు.

ముందు బంపర్‌కు నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది నువ్వే కదా. నిన్న సాహెబు ఇదేందని అడిగితే, ఇంగ్లీషుల ఏం చెప్పాల్నో తెల్వక మంచి వాసనకని చెప్పిన. అది దొరికితే బండిని రేవులనే ఆపుతరు, మాట మన మీదికి వస్తది. తీసెయ్యి. నలుగురు తొక్కే కాడ పారెయ్యకు.

ఆ బండికి రెండు స్పేర్ టైర్లు, ఇరుక్కుంటే గుంజుకునే తాడు, అన్నీ పెట్టినం. మనకు ఒక్క శుక్రవారం సెలవు దొరకదు. నా నడుము పోయింది.

మీ బావ లచ్చన్న

నీ కవర్ల ఇంకో నిమ్మకాయ మిగిలింది. మన గది తలుపుకు కట్టు. ఈ గది మీద ఎవని కండ్లు పడ్తయని నవ్వకు. బండికేం కాదు, దాని కింద పండుకొని పని చేసేది నువ్వు.