నీ పేరు చెప్పాకే ఆపరేషన్

అక్కా,

నువ్వు చదవవని తెలిసే రాస్తున్నాను. పురిట్లో రక్తం ఆగక నువ్వు పోయి ఇవాళ్టికి ఆరేళ్ళు.

చెల్లి తన వంకర ముక్కు సరిచేయించుకుంది. చేయించుకుంటానన్న రోజు, అందం కోసం కోతలేంటని నేను పంచే కరపత్రాల్లో చదివిందంతా దాని మీద కక్కాను. "ముక్కు నాది, ఉపన్యాసం నీది" అంది.

రాజమండ్రిలో డాక్టరుగారు, రక్తం తక్కువ పోయేలా మందిస్తామని చెప్పి, "మీ ఇంట్లో ఎవరికైనా రక్తం ఆగని ఇబ్బంది ఉందాండీ?" అనడిగారు. "లేదండి" అంది అమ్మ. శుభమా అని వెళ్తూ నీ మాట ఎత్తొద్దని బస్సులోనే నాతో ఒట్టు వేయించుకుంది. పురిట్లో పోయినవాళ్ళ పేరు మనింట్లో పలకరు కదా.

మూఢనమ్మకాలు వద్దని ఊరంతా కరపత్రాలు పంచిన నేను, ఇంట్లో ఆరేళ్ళు నోరు మూసుకున్నాను. నా మీద నాకే కోపమొచ్చింది. నీ పురుడూ, చిన్నప్పుడు పన్ను పీకితే రెండు రోజులు రక్తం కారడమూ అన్నీ డాక్టరుగారికి చెప్పేశాను.

ఆయన ఆపరేషన్ వాయిదా వేసి పరీక్షలు చేయించారు. రక్తం సరిగా గడ్డకట్టని లోపం చెల్లికీ ఉందట. దానికి తగ్గ మందులు ముందే ఇచ్చి, నిన్న ఆపరేషన్ చేశారు.

ముక్కులో పెట్టిన దూది పెద్దగా తడవలేదు. అమ్మ దాన్నే చాలాసేపు చూసి, "పురిటప్పుడు దాన్నీ ఎవరైనా ఇలా అడిగుంటే" అంది. తర్వాత మెల్లగా నీ పేరు పలికింది.