గోడ మీద నాలుగు అంకెలు

నజ్ ఎల్ దోమ్,
2 డిసెంబరు 2010.

జిల్లా విద్యాధికారి వారి సముఖమునకు,

అయ్యా,

విషయం: బాలికల పాఠశాల ముందుగోడపై నేను చేయని హజ్ యాత్ర బొమ్మ గురించి, అందుకుగాను ఏడవ తరగతి హనాదిని బడి నుంచి తొలగించవద్దని కోరుట గురించి.

సదరు పాఠశాలలో పంతొమ్మిదేళ్లుగా ఆయాగా పనిచేయుచు, గంట కొట్టుచు, గదులు ఊడ్చుచున్న బదరియా అబ్దెల్ గవాద్ అను నేను విన్నవించుకొనునది ఏమనగా:

1. గత నెలలో కైరో నుండి రచయిత్రి దౌలత్ గారు, అలెగ్జాండ్రియా నుండి చిత్రకారుడు ఇస్మత్ గారు వచ్చి పది రోజులు మా పిల్లలతో పనిచేసియున్నారు. ఆ పది రోజులూ నేను ఊళ్లో లేను. అస్యూత్‌లో మా అక్కకు కంటి ఆపరేషను అయినందున సెలవుపై వెళ్లియుంటిని. సెలవు చీటీ జతపరచడమైనది.

2. "మీ ఊరి గోడల మీద వేసే పద్ధతిలోనే మీ బడిలో ఒకరి ప్రయాణం వేయండి" అని ఇస్మత్ గారు అన్నారట. "జరిగిందే రాయక్కర్లేదు, జరగాల్సింది రాయండి" అని దౌలత్ గారు అన్నారట. ఇద్దరూ మంచివారే, కానీ పట్నం వాళ్లు. మా ఊళ్లో గోడ మీద కాబా, ఓడ, విమానం, పేరు, సంవత్సరం వేశారంటే ఆ మనిషి హజ్‌కు వెళ్లినట్టే. తిరిగి వచ్చేలోగా ఇంటివాళ్లు వేయిస్తారు. అది ఊరికి సాక్ష్యం.

3. హజ్‌కు వెళ్లేవాళ్లను ఏటా ఎంచే సర్కారు లాటరీలో తొమ్మిదేళ్లుగా నా పేరు వేస్తున్నాను, రావడం లేదు. ఈ సంగతి పిల్లలకు చెప్పింది నేనే, నా నోరు ఊరుకోదు గదా. వాళ్లు నన్నే వేశారు. బొమ్మ ముప్పై మంది గీశారు. అక్షరాలు మాత్రం చేతిరాత బాగుంటుందని హనాది చేత రాయించారు: "బదరియా హజ్ యాత్ర, సంవత్సరం 2010."

4. నేను సంచి పట్టుకుని రైలు దిగి వచ్చేసరికి బడి ముందు ఆడవాళ్లు గుమిగూడి, పెళ్లిళ్లలో వేసినట్టు నాలుక ఆడిస్తూ సంతోషపు కేకలు వేశారు. పొరుగింటి వగీదా నా చేతిలో చక్కెర పొట్లం పెట్టి, "ఏమ్మా హాజీ, చెప్పాపెట్టకుండా వెళ్లొచ్చావే! మక్కా నుంచి తెచ్చిన జమ్‌జమ్ నీళ్లేవీ?" అంది.

"నేను పోయింది అస్యూత్‌కే తల్లీ!"

"చాల్లే, దిష్టి తగులుతుందని దాస్తున్నావు."

మర్నాటికి నిజం తెలిసింది. ఇప్పుడు అదే వగీదా, "అస్యూత్ హాజీ గారొస్తున్నారు, దారివ్వండర్రా" అంటోంది. రొట్టెల దుకాణం దగ్గర వరుసలో నిలబడలేకపోతున్నాను అయ్యా. దేవుడి ఇంటి విషయంలో అబద్ధమాడిన దాన్నైపోయాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

5. ఆదివారం తనిఖీ ఉన్నందున హెడ్మాస్టరు రిఫాత్ గారు నిన్న నా ముందు ఒక కాగితం పెట్టి చదివి వినిపించారు. పిల్లలు నన్ను ఎగతాళి చేయుటకే బొమ్మ వేసిరనియు, పేరు రాసిన పిల్లను తొలగించవలెననియు, ఇకమీదట రచయితలను, చిత్రకారులను బడి గడప తొక్కనీయరాదనియు అందులో ఉన్నది. "వేలిముద్ర వెయ్యి బదరియా. వెయ్యకపోతే నువ్వే వేయించుకున్నావని పైకి రాస్తా, ఉద్యోగం పోతుంది. శనివారం సాయంత్రం దాకా చూస్తా" అన్నారు. ఆయన భయం ఆయనది.

6. హనాదికి ఇంకో బడి అంటే నది అవతలిదే. వాళ్ల తాత పడవ ఎక్కనివ్వడు. ఇక్కడ పేరు కొట్టేస్తే చదువు అంతటితో సరి. ఆ పిల్ల నన్ను ఎగతాళి చేసిందా? బొమ్మలో నా కుడిచేతి మీద టీ కాగు కాల్చిన మచ్చ కూడా వేశారు అయ్యా! ఎగతాళి చేసేవాళ్లు అంత చూసి వేస్తారా? పంతొమ్మిదేళ్లలో నన్నెవరూ అంతగా చూడలేదు.

కావున గోడంతా సున్నం కొట్టించి నా పరువు నిలపవలసినదిగాను, ఆ పిల్ల పేరు హాజరు పట్టీలో ఉంచవలసినదిగాను ప్రార్థించుచున్నాను. ఈ అర్జీ మీద వేలిముద్ర వేస్తున్నాను. ఆ కాగితం మీద వెయ్యను, ఉద్యోగం పోతే పోనీ. శనివారంలోగా చిత్తగించవలెను. ఆదివారం చిత్తగించి లాభం లేదు.

తమ విధేయురాలు,
బదరియా అబ్దెల్ గవాద్
(ఎడమ బొటనవేలి ముద్ర)

తా.క. అయ్యా, బదరియా పిన్నికి చదువు రాదు. ఆమె చెబుతుంటే రాసింది నేను, హనాదిని. అంతా చదివి వినిపించాను, ఈ ముక్క మాత్రం వినిపించను. సున్నం కొట్టించమని చెప్పేటప్పుడు పిన్ని రెండుసార్లు ఆగింది. పొద్దున్నే ఎవరూ రాకముందు ఆ బొమ్మ మీది దుమ్ము తన ముసుగు కొంగుతో తుడుస్తుంది, నేను చూశాను. గోడంతా అబద్ధం కాదండీ, నాలుగు అంకెలే అబద్ధం. అవి రాసింది నేను. తమరు సరేనంటే శనివారం నేనే సున్నం పెట్టి చెరిపేస్తాను. ఆ జాగా మాత్రం ఖాళీగా ఉంచమనండి. లాటరీలో పిన్ని పేరు వచ్చిన ఏడాది నేనే నింపుతాను. అందాకా నేను బడిలో ఉండాలి కదండీ.