పదిహేడు నోళ్ళు

నా బంగారు నాన్నా,

ఈ ఉత్తరం నిలబడి చదవకు. డిపోలో బల్ల మీద కూర్చుని, కాసిని మంచినీళ్ళు తాగి చదువు.

శనివారం మా బడి వార్షికోత్సవానికి నువ్వు రావద్దు. సెలవు పెట్టేశావనీ, నీ బస్సెక్కి టికెట్టు తీసుకున్న ప్రతివాళ్ళకీ "మా పెద్దది బృందగానంలో పాడుతోందండీ" అని టాంటాం వేస్తున్నావనీ చెల్లి రాసింది. అది చదివినప్పటి నుంచీ నాకు అన్నం సయించడం లేదు. నాన్నా, నేను పాడటం లేదు. ఏడాదిగా ఒక్క ముక్క పాడలేదు. పెదాలు కదుపుతాను, అంతే.

నిరుడు బృందంలో చేరిన రెండోవారం సంగీతం టీచర్ నన్ను పియానో గదిలో ఆపారు. తలుపు వేసి, నా జడ సవరించి, "నీ ముఖం కళగా ఉంటుందమ్మా, ముందు వరసలోనే నిలబడు. గొంతు మాత్రం బయటికి రానివ్వకు, మిగతావాళ్ళ శ్రుతి చెడుతుంది. ఈ మాట మనిద్దరి మధ్యే ఉండనీ, సరేనా?" అన్నారు. ఎంతో ప్రేమగా అన్నారు. తిట్టి ఉంటే తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని, నా నోటి సంగతి నీకు తెలుసుగా. ఆరోజు హాస్టల్ స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. పక్క మంచం మీద పడుకునే పొడుగు మెడ పిల్ల, అదే మా జిరాఫీకి కూడా చెప్పలేదు. నా ప్రాణస్నేహితురాలే, కానీ తనూ బృందంలోనే ఉంది. నిజంగా పాడేవాళ్ళకి ఈ అవమానం ఎలా చెప్పుకోను?

నువ్వు అంత దూరం నుంచి వచ్చి, నేను పాడానని మురిసిపోతే నాకు తల తీసేసినట్టుంటుంది. జ్వరమని చెప్పి మానేయ్ నాన్నా.

నీ పెద్దది


నాన్నా, నాన్నోయ్,

మోకాలి మీద కాగితం పెట్టుకుని గబగబా రాస్తున్నాను. అక్షరాలు కోడి గీకినట్టుంటే ఏమనుకోకు.

శనివారం పొద్దున్నే నాలుగో గదిలో ముగ్గురికి గవదబిళ్ళలు లేచాయి. ముగ్గురూ మా బృందంవాళ్ళే. నర్సు వాళ్ళని మంచం దిగనివ్వలేదు. "ఫరవాలేదు, ఇంకా పదిహేడుమంది ఉన్నారుగా" అన్నారు టీచర్. పాడేవాళ్ళు పదహారుమంది ఉన్నారులే అనుకున్నాను నేనూ.

తెర లేచింది. హాలు కిటకిటలాడుతోంది. టీచర్ పియానో మొదలుపెట్టి మావైపు తల ఊపారు. పదిహేడు నోళ్ళు తెరుచుకున్నాయి. చప్పుడు లేదు!

నీమీద ఒట్టు, నాకు చెవుడొచ్చిందనుకున్నాను. పియానో వినిపిస్తోంది, ఎవరో దగ్గడం వినిపిస్తోంది, పాట లేదు. పక్కకి చూస్తే జిరాఫీ నోరు నా నోటిలాగే ఊరికే తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. అది నన్ను చూసింది. "నీకూనా?" అంది, పెదాలతోనే. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అందరికీ చెప్పారు నాన్నా! ఒక్కొక్కరినే పిలిచి, తలుపు వేసి, జడ సవరించి. ఇన్నాళ్ళూ పాడింది ఆ గవదబిళ్ళల ముగ్గురే.

టీచర్ చేతులు పియానో మీదే కొయ్యబారిపోయాయి. ఆ చివర నుంచి ఈ చివర వరకూ మమ్మల్ని చూశారు. ముఖంలో నెత్తురుచుక్క లేదు. ఏడాదిగా మింగిన ఏడుపంతా నా గొంతులోకి వచ్చేసింది. నోరు ఎలాగూ తెరిచే ఉంది. పాడేశాను.

ఛీ, ఎంత ఘోరంగా ఉందో! కప్పలు నయం. జిరాఫీ అందుకుంది, దానిది నాకంటే అన్యాయం. తర్వాత ఒక్కొక్కరూ అందుకున్నారు, ఎవరి శ్రుతి వాళ్ళదే. ప్రిన్సిపాల్‌గారు నిలువుగుడ్లేసుకుని చూస్తున్నారు. వచ్చిన తల్లులకి చప్పట్లు కొట్టాలో చెవులు మూసుకోవాలో తెలియలేదు. మేం మాత్రం ఆపలేదు, మూడు చరణాలూ పాడాం.

తెర పడ్డాక టీచర్ స్టూలు మీదే ఉండిపోయారు. "ఎంతమందికి చెప్పానర్రా నేను?" అన్నారు. పదిహేడు చేతులు లేచాయి. "ఏ ఒకరిద్దరికో చెప్పాననుకున్నాను" అని ముఖం కప్పుకున్నారు. జాలేసింది. కానీ క్షమించలేదు, ఇప్పుడప్పుడే క్షమించను కూడా. సోమవారం నుంచి అందరికీ మొదటి నుంచీ నేర్పుతారట.

జిరాఫీ, నేనూ ఏడాది పొడుగునా పక్కపక్క మంచాల మీద పడుకుని, ఒకే ఏడుపు వేరువేరుగా ఏడ్చాం. అదీ అదే కుళాయి తిప్పుకుందట! విని ముందు నవ్వాం, తర్వాత కావలించుకుని ఏడ్చాం.

వచ్చే నెల మొదటి ఆదివారం మళ్ళీ పాడుతున్నాం. నువ్వు రావాలి నాన్నా. బాగా పాడతానని మాటివ్వలేను. నీకు వినపడేలా మాత్రం పాడతాను.

నీ పెద్దది