మళ్లీ వస్తావా అని అడిగింది

ఫిల్మ్ నగర్, సోమవారం

అక్కా,
నేను బాగున్నాను, ఫోన్ చేయకుండా కార్డు రాశానని కంగారుపడకు. ఫెలోషిప్ ఖాయమైంది. ఐదేళ్లు జీతమిచ్చి ఒక పెద్ద డాక్టరమ్మ దగ్గర పరిశోధన నేర్పిస్తారు. పదేళ్ల క్రితం ఇక్కడ సినిమా సెట్టు తగలబడినప్పుడు పొగ పీల్చినవాళ్ల ఊపిరితిత్తులు ఇప్పుడెలా ఉన్నాయో చూడటం నా పని.

నిన్న మంజులతగారింటికి వెళ్లాను. ఆ మంటల్లోంచి బయటపడిన కోరస్ గాయని. ఊపిరి బలం కొలిచే గొట్టంలోకి గట్టిగా ఊదమంటే సగంలోనే దగ్గుతూ కూలబడింది. తేరుకున్నాక, "గిట్ల ఒక్కసారి ఊదిపిచ్చుకొని పోయినోళ్లు మస్తుమంది. నువ్వన్న మల్ల వస్తవా, బిడ్డా?" అంది. ఏటా వస్తానన్నాను. "అయితె జర కూసో, అన్నం తిని పో" అంది. ఈ ఊరొచ్చాక మనిషికి ఎదురుగా కూర్చుని తినడం అదే మొదలు.

మన ఊరి కాలేజీ ఉద్యోగానికి నేను రానని నాన్నకు నువ్వే నెమ్మదిగా చెప్పు. బావగారి మోకాలు ఎలా ఉంది? కారం తగ్గించి కందిపొడి పంపు, మంజులతగారికీ ఇస్తాను. చిన్నదానికి ముద్దులు, బావగారికి నమస్కారాలు.

జవాబు పొడుగ్గా రాయి. ఫోన్ పెట్టేశాక గది మరీ బోసిపోతోంది. ఉత్తరమైతే నాతో ఉంటుంది.

నీ చెల్లి,
వర్ణిక