పదకొండో చోటు

బావా,

నువ్వు సదవవని తెలిసే రాస్తన్నాను.

ఘానా రేవులో మీ ఓడ రిపేరుకి ఆగినప్పుడు ఓ ఫుట్‌బాల్ క్లబ్బు పిచ్చి తగిలించుకుని వచ్చావు కదా. రేవులో మూటలు మోసినోళ్ళు పెట్టుకున్న క్లబ్బు. వాళ్ళ మొదటి కెప్టెన్ సముద్రంలో పోయాడు, శవం కూడా దొరకనేదు. అప్పట్నించీ ఆయన చోటు ఆయనకే వదిలి ఆట పది మందితోనే మొదలెడతారని, బంతి ఒకసారి గీత దాటి బయటికి పోయాకే పదకొండోవోడు దిగుతాడని సెప్పేవోడివి. "మనమూ అలాగే ఆడదాం రా" అన్నావు. మన పోర్టు టీమ్ అంతా నవ్వేసాం.

నిన్న ఆ క్లబ్బు ఆట ఫోన్లో సూసాను. మళ్ళీ పెద్ద లీగులోకొచ్చింది. నువ్వుంటే గోపాలపట్నం అంతటికీ టీలు తాగించేవోడివి. కానీ విజిల్ ఊదేసరికి పదకొండు మందీ ఉన్నారు బావా. కొత్త యజమానులొచ్చి ఆ ఆనవాయితీ ఎత్తేసారంట. నాకు ఒళ్ళు మండిపోయింది. మరి ఆ కెప్టెన్ ఎక్కడికెళ్తాడు?

అందుకే ఈరోజు మన టీమ్ పది మందే దిగారు. ఎడమ పక్క నీ చోటు ఇప్పుడు నాది, నాను గీత బయటే నిలబడ్డాను. ఎవుడూ నవ్వనేదు. మీ ఓడ తిరిగొచ్చినా నువ్వు రాని రోజు నుంచి గ్రౌండు మొహం సూడని అక్క కూడా వచ్చి నా పక్కన నిలబడింది.

బంతి ఎంతకీ బయటికి పోనేదు. ఎడమ గీత దాకా దొర్లుకుంటా వచ్చి అక్కడే ఆగిపోతంది. అక్క ఆ ఖాళీ వైపే సూసి, "మీ బావ బంతి వదల్డం నేదురా" అంది.

నాను బూటు లేసులు బిగించుకునే ఉన్నాను. తొందరేం నేదు బావా. ఆడుకో.