మాసిపోతుందని దాచిన దోమతెర

పాప అమ్మకు,

నేను ఇక్కడ క్షేమం. నువ్వూ, పాపా, అత్తయ్యగారూ, మామయ్యగారూ అక్కడ కులాసాగా ఉన్నారని తలుస్తాను. క్షేమం అనే మాట ఈసారి అలవాటుగా కాక కాస్త ఆలోచించే రాశాను. ఎందుకో కింద చెబుతాను.

నీ ఉత్తరం అందింది. పాప నిద్రలో పెదవి విరుస్తోందని రాశావు. అది మా అమ్మ పోలిక. నచ్చని కూర వడ్డిస్తే ఆవిడా అలాగే విరిచేది. మెడ నిలబడేదాకా పాపను ఎత్తుకోవాలంటే నాకు భయమే. అయినా రోజూ పనిలోకి వెళ్లేముందు ఎత్తుకోవాలని ఉంటుంది.

మామ్మ మేకులకు ఒప్పుకుందా అని అడిగావు. మన ఇంటి ఓనరు మామ్మ సంగతి నీకు తెలియనిదా? ఆస్పత్రివాళ్లు వరస గదులన్నింటికీ దోమతెరలు ఉచితంగా పంచి వెళ్లారు. కట్టాలంటే గోడలకు మేకులు దిగాలి. ఒక్క మేకు కొట్టినా గది ఖాళీ చెయ్యాల్సిందేనని మామ్మ చెప్పేసింది. ఆవిడను తిట్టుకోవడానికీ లేదు. ఆ గోడకు మేకు ఆనిస్తే చాలు, పళ్లెమంత పెచ్చు ఊడి చేతిలోకి వస్తుంది. అంచేత తెరలన్నీ మడత విప్పకుండానే అటకెక్కాయి. పక్కగది టైలరు మాత్రం తన తెరను కుట్టుమిషను మీద కప్పాడు. మిషనుకు ఇంతవరకు మలేరియా రాలేదు.

నేను వడ్రంగిని కాబట్టి గోడ జోలికి పోలేదు. షాపులో మిగిలిన కర్రలు తెచ్చి, మంచం కోళ్లకు గుంజలు బిగించి, పైన చట్రం వేశాను. మామ్మ వచ్చి గోడలన్నీ తడిమి చూసి, మేకు దొరక్క కాస్త నిరాశపడినట్టే వెళ్లిపోయింది.

పోయిన ఉత్తరంలో అక్షరాలు అంత వంకరగా ఎందుకున్నాయని కూడా అడిగావు. పెన్ను బాగాలేదని రాద్దామనుకున్నాను. పెన్ను అదే, ఇప్పుడు రాస్తున్నదీ దానితోనే.

అసలు సంగతి ఇది. నాకు మలేరియా వచ్చింది. ఆ ఉత్తరం చలిజ్వరంలో దుప్పటి కప్పుకుని రాశాను. తెలిస్తే పసిబిడ్డను చంకనేసుకుని బస్సెక్కేస్తావని నీకు చెప్పలేదు. తెర ఉండగా జ్వరం ఎలా వచ్చిందంటావేమో. చట్రం పూర్తయ్యాక తెర కట్టి ఒకసారి చూసుకున్నాను. తెల్లగా, ముచ్చటగా ఉంది. పాప వచ్చేసరికి మాసిపోతుందని విప్పి, మడతపెట్టి అటక మీద పెట్టాను. నా పడక గుమ్మం బయట, గాలికి వేసుకున్నాను. నీ మొగుడి తెలివి అలా ఏడిసింది. జ్వరంలో ఉన్నన్నాళ్లూ టైలరే వేళకు అన్నం తెచ్చిపెట్టాడు కాబట్టి అతని మిషను గురించి ఇక ఏమీ అనను.

రక్తం పరీక్ష చేసి మందులిచ్చిన నర్సమ్మ మర్నాడు గదికి వచ్చింది. అటక మీది తెర దింపించి కట్టించి, నన్ను లోపల పడుకోమంది. అది పాప కోసం దాచానన్నాను. మామ్మ అప్పుడు గుమ్మంలోనే ఉంది, గోడల తనిఖీకి.

"నిన్ను కుట్టిన దోమే కొన్నాళ్లకు ఇంకొకరిని కుడుతుంది. నీ జ్వరాన్ని మోసుకెళ్లేది అదే," అంది నర్సమ్మ. "పాప ఒక్కదానికే తెర కట్టి, చుట్టుపక్కల అందరినీ దోమలకు వదిలేస్తే లాభం లేదు. పాప ఎప్పుడూ తెరలోనే ఉండదుగా."

మామ్మ ఆ పూట గోడలు తడమకుండానే వెళ్లిపోయింది. నేను లేచి తిరగడం మొదలుపెట్టాక, సంచీ నిండా మేకులు, ఒక సుత్తి పట్టుకుని వచ్చింది.

"గదులన్నింటికీ కొట్టెయ్. గోడ ఊడితే మళ్లీ పూయిస్తాను. మనుషులు పోతే ఎక్కణ్ణించి తెస్తాను?" అంది.

కొట్టాను. అనుకున్నట్టే పెచ్చులు రాలాయి. వాటితో వెనకవైపు నీళ్లు నిలిచే గుంటను పూడ్చేశాం. టైలరు మిషను మీది తెరను మామ్మే స్వయంగా లాగి, అతని మంచం మీద కట్టించింది.

ఇక నెలాఖరుకు వచ్చేయమంటావా అని నువ్వు అడిగిన మాట. మందులు మధ్యలో మానకుండా పూర్తిగా వేసుకున్నాను. నర్సమ్మ సోమవారం మళ్లీ రక్తం చూస్తానంది. బాగుందని తేలేదాకా మీరు రావద్దు. ఇలా రాయడం నాకు బొత్తిగా ఇష్టం లేదు. మీ కోసం చేసిన మంచంలో ఒక్కణ్ణే పడుకుంటే నిద్ర పట్టడం లేదు. తెర అప్పుడే కాస్త మాసింది కూడా. ఉతికి నీడలోనే ఆరేస్తాను, ఎండలో వేస్తే దానికి పట్టించిన మందు పోతుందట.

రక్తం బాగుంటే నేనే వచ్చి ఇద్దరినీ తీసుకొస్తాను. బాగాలేకపోతే ఆ మాటే రాస్తాను, అక్షరాలు వంకరపోయినా సరే.

ఇట్లు,
మాసిన తెరలో పడుకుంటున్న
పాప నాన్న